బ్యాటరీ దగ్గర 15.5 ఓల్టులు చూపిస్తున్నది, ఆల్టర్నేటర్ మార్చాల్నా?

గడియారం సెంటర్ (నల్గొండ):

అన్నలందరికి నమస్తే. డీజిల్ కారు, 2012 మోడల్. 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, నీళ్లు పోసే రకం. ఈ మధ్య బ్యాటరీల డిస్టిల్డ్ వాటర్ తొందరగ తగ్గుతున్నది. హెడ్‌లైట్ బల్బులు వెంటవెంటనే పోతున్నయి. దూరం నడిపి బానెట్ లేపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నది. పాజిటివ్ టర్మినల్ చుట్టూ తెల్లగ, నీలంగ పొడి పేరుకున్నది.

మీటర్ రీడింగులు: రాత్రంత ఆపి పెట్టినంక పొద్దున 12.7. స్టార్ట్ చేసినంక ఐడిల్‌ల 15.4. 2000 ఆర్‌పీఎం దగ్గర 15.5. డ్యాష్‌బోర్డుల బ్యాటరీ ల్యాంపు వెలుగుతలేదు. ఆటో ఎలక్ట్రీషియన్ "డైనమో పోయింది, మొత్తం మార్చాలె" అంటున్నడు (డైనమో అంటే ఆల్టర్నేటరే, ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది). మార్చేముందు ఇంకేమేం చూసుకోవాలె?

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్):

తమ్మీ, ముందుగాల మీటర్‌ను నమ్మొచ్చా లేదా తేల్చుకోవాలె. పసుపు రంగు చిన్న మీటర్లలో 9 ఓల్టుల బ్యాటరీ నీరసపడితే రీడింగు తగ్గదు, పెరుగుతది. చాలామంది ఇక్కడే మోసపోయి మంచి ఆల్టర్నేటర్ విప్పుతరు. కొత్త పెన్సిల్ సెల్ ఒకటి తెచ్చి కొలువు. 1.6 దగ్గర చూపాలె. 1.75 చూపిందంటే ఆ మీటర్ మీద కనపడే 15.5 అసలుకు 14.2 మాత్రమే.

నీ విషయంలో ఇంకో ఆధారం కూడ ఉన్నది. రాత్రంత ఆగినంక 12.7 చూపింది. నిండుగ ఛార్జ్ ఉన్న బ్యాటరీకి అదే రావాలె. మీటర్ అంత ఎక్కువ చూపేదైతే నీ బ్యాటరీ అసలు 11.6 మీద ఉన్నట్టు, అప్పుడు సెల్ఫ్ తిరగనే తిరగదు. కాబట్టి మీటర్ బాగనే ఉన్నదని నా లెక్క. అయినా 9 ఓల్టుల బ్యాటరీ కొత్తది వేసి మళ్లోసారి చూడు.

తరువాత ఇవి కావాలె. ఇంజన్ వేడెక్కినంక, 15 నిమిషాలు నడిచినంక, బ్యాటరీ సీసం పోస్టుల మీదనే ప్రోబ్‌లు పెట్టి, క్లాంపు మీద పెట్టకుండ, ఐడిల్, 1500, 2000, 3000 దగ్గర రీడింగులు రాసుకో. మళ్ల హెడ్‌లైట్లు హై బీమ్‌ల, బ్లోయర్ ఫుల్ పెట్టి 2000 దగ్గర ఒకటి. ఆల్టర్నేటర్ వెనక సాకెట్‌కు ఎన్ని వైర్లు వస్తున్నయో కూడ చెప్పు.

డిండి వాగు (దేవరకొండ):

రీడింగులకు పోయేముందు రెండు జాగ్రత్తలు. 15 ఓల్టుల పైన నీళ్ల బ్యాటరీ లోపల నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. బానెట్ లేపి రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. దగ్గర్లో సిగరెట్, లైటర్ ఉండొద్దు. కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇక రెండోది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ తీసి "ఆగిపోతే డైనమో పోయినట్టు" అని చూసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. ఆల్టర్నేటర్ పంపే కరెంటును మింగేది బ్యాటరీనే. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే ఓల్టేజి ఎగదన్నుతుంది, లోపల జీనర్ డయోడ్లు (ఓల్టేజి మితిమీరకుండా ఆపేవి) లేని పాత రకాల్లో 60 ఓల్టులు కూడా దాటొచ్చు. ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), మీటర్ క్లస్టర్, స్టీరియో అన్నీ ఒకేసారి పోతాయి. ఇప్పటికే ఎక్కువ ఓల్టేజి ఇస్తున్న బండికి ఈ పరీక్ష మరీ ప్రమాదం.

నకిరేకల్ 65:

నాకైతే ఎర్త్ లూజ్ అనిపిస్తున్నది. ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టితే ఓవర్‌ఛార్జ్ అయితదని చాలా దగ్గర్ల విన్న. ముందు అది రుద్ది బిగించుమనండి.

కటౌట్ మాస్టర్ (మిర్యాలగూడ):

నకిరేకల్ అన్నా, ఆ మాట అన్ని బండ్లకు కుదరదు. కటౌట్ (ఓల్టేజిని హద్దులో పెట్టే రెగ్యులేటర్) బయట బాడీ మీద బిగించి ఉండే పాత బండ్లకు, పాత ట్రాక్టర్లకు అది నిజమే. అక్కడ కటౌట్ తన పెట్టె ఎర్త్‌కూ ఇగ్నిషన్ వైరుకూ మధ్య ఓల్టేజి చూసుకుంటది. పెట్టె ఎర్త్ చెడితే, లేకుంటే ఇగ్నిషన్ స్విచ్చిలో అర ఓల్టు తగ్గితే, దానికి తక్కువ కనపడుతది. తక్కువున్నదనుకుని ఫీల్డ్ (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంత చుట్టకు పోయే కరెంటు) పెంచుతది, బ్యాటరీ ఉడుకుతది. మా దిక్కు వరి కోతల కాలంలో వచ్చే పాత ట్రాక్టర్లకు ముందుగాల కటౌట్ కింది బోల్టు తీసి, పెయింటు గీకి, ఎర్త్ సరిచేయాల్సిందే.

ఈ కారులో కటౌట్ ఆల్టర్నేటర్ లోపలనే, ఐసీ (చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు) రూపంలో ఉంటది. దాని ఎర్త్ అంటే ఆల్టర్నేటర్ బాడీయే. ఇంజన్ ఎర్త్ చెడితే బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొంత ఓల్టేజి తినుకపోతది. ఐసీ చూసే ఓల్టేజిలో ఆ తేడా కూడ కలిసి ఎక్కువ కనపడుతది కాబట్టి అది ఫీల్డ్ తగ్గిస్తది. అంటే బ్యాటరీకి తక్కువ ఛార్జ్ అందుతది తప్ప ఎక్కువ కాదు. ఎర్త్ చెక్ చేయొద్దని కాదు, చేయండి. లైట్లు, బ్లోయర్ పెట్టి 2000 దగ్గర ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ బాడీకి, ఒకటి బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు పెడితే 0.2 ఓల్టుల లోపు ఉండాలె. కానీ 15.5కు కారణం అదికాదు.

ఇంకో మాట కూడ ఇక్కడనే చెప్తా. "బ్యాటరీ పాడైతే ఓల్టేజి పెరుగుతది" అంటరు, అదీ కాదు. ఒక సెల్ షార్ట్ అయిన బ్యాటరీ కూడ ఉడుకుతది, కానీ అప్పుడు మీటర్ 14.4కు మించదు. ఆరు సెల్లులు పంచుకోవాల్సిన 14.4ను ఐదే పంచుకుంటయి, ఒక్కోదానికి 2.4కు బదులు దాదాపు 2.9 పడుతది. ఆ ఐదూ మసులుతయి. కాబట్టి బ్యాటరీ ఉడుకుతున్నది, ఓల్టేజి మామూలుగ ఉన్నదంటే బ్యాటరీని అనుమానించాలె. ఓల్టేజియే ఎక్కువుంటే ఛార్జింగ్ దిక్కు చూడాలె. బ్యాటరీ ఎంత పాడైనా ఐసీ పెట్టిన హద్దును దాటించలేదు.

గడియారం సెంటర్ (నల్గొండ):

చాన సంతోషం అన్నా. మీటర్‌కు కొత్త బ్యాటరీ వేసిన, పెన్సిల్ సెల్ 1.6 చూపుతున్నది. ఇంజన్ వేడి మీద, సీసం పోస్టుల మీద రీడింగులు:

ఐడిల్ 15.4
1500 దగ్గర 15.5
2000 దగ్గర 15.5
3000 దగ్గర 15.5
హై బీమ్, బ్లోయర్ పెట్టి 2000 దగ్గర 15.4

ఆల్టర్నేటర్ బాడీ నుంచి నెగెటివ్ పోస్టుకు 0.08. వెనక బోల్టుకు ఒక లావు వైరు, సాకెట్‌కు మూడు సన్న వైర్లు ఉన్నయి.

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్):

తమ్మీ, ఈ రీడింగులే సగం సమాధానం చెప్పినయి. ఆల్టర్నేటర్ ఇంకా విప్పకు.

ఐసీ లోపల ట్రాన్సిస్టర్ షార్ట్ అయితేనో, ఫీల్డ్ వైరు నేరుగ తగులుకుంటేనో రోటర్‌కు (లోపల తిరిగే ఆ అయస్కాంత చుట్టకు) ఎప్పుడూ పూర్తి కరెంటు పోతది. అట్లాంటప్పుడు రేస్ ఇచ్చినకొద్ది ఓల్టేజి ఎక్కుతనే ఉంటది. ఐడిల్‌ల 14.5, 2000 దగ్గర 16.5, 3000 దగ్గర 18 ఇట్లా. లైట్లు పెడితే కిందికి దిగుతది, తీస్తే ఎగురుతది. నీ బండిలో 1500 నుంచి 3000 దాకా 15.5 దగ్గర కదలకుండ నిలబడ్డది. లోడ్ పెట్టినా 0.1 మాత్రమే దిగింది. అంటే ఐసీ తన పని తాను చేస్తున్నది, గీత మాత్రం తప్పు దగ్గర గీసుకున్నది. దానికి రెండే కారణాలు. ఐసీ లోపలి సెట్టింగే తప్పిపోవాలె, లేకుంటే దానికి ఎవరో తప్పుడు లెక్క చెప్తున్నరు.

మూడు వైర్ల సాకెట్లలో చాలావరకు ఒకటి ఐజీ, అంటే ఇగ్నిషన్ ఆన్ చేయంగనే 12 ఓల్టులు తెచ్చేది. ఒకటి ఎల్, డ్యాష్‌బోర్డు ల్యాంపుది. మూడోది ఎస్, బ్యాటరీ దగ్గర ఓల్టేజి ఎంతున్నదో ఐసీకి తెచ్చిచ్చేది. ఈ ఎస్ వైరు తాళంచెవి తీసినా బ్యాటరీ ఓల్టేజి మీదనే ఉంటది, గుర్తుపట్టే పద్ధతి అదే. కొన్ని కంపెనీల్లో వరుస మారుతది, రంగు చూసి తీర్మానించొద్దు, మీటర్‌తోనే తేల్చుకో.

పరీక్ష ఇట్ల చేయి. సాకెట్ పీకకు. వెనక నుంచి, రబ్బరు సీలు పక్క నుంచి, సన్న గుండుసూది ఎస్ వైరు పిన్నుకు తగిలేటట్టు దూర్చు. ఇంజన్ 2000 దగ్గర పెట్టి మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు, రెండోది ఆ గుండుసూదికి. 0.1 లోపు రావాలె. సూది దేనికీ, ముఖ్యంగ ఆల్టర్నేటర్ బాడీకి, తగలకుండ చూసుకో. బెల్టుకు, ఫ్యాన్‌కు చొక్కా చేతులు దూరముంచు.

సాకెట్ పీకి ఒట్టి పిన్నుకు మీటర్ పెట్టి "12.6 వస్తున్నది, వైరు మంచిదే" అనుకుంటే మోసమే. మీటర్ గుంజే కరెంటు లెక్కలేనంత తక్కువ. జాయింటు ఎంత తుప్పు పట్టినా దానికి పూర్తి ఓల్టేజి కనపడుతది. ఐసీ తగిలి ఉండి కొన్ని మిల్లీ ఆంపియర్లన్నా పోతున్నప్పుడే తుప్పు బయటపడుతది. సూది దూర్చే వీలు లేకుంటే సాకెట్ పీకి, ఎస్ పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య 12 ఓల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు తగిలించు. వైరు మంచిదైతే బల్బు నిండుగ వెలుగుతది. గుడ్డిగ వెలిగినా, వెలగకున్నా దొంగ దొరికినట్టే.

కృష్ణా ఒడ్డు (గద్వాల):

ఈ చర్చ చదివి కొత్త బండ్లవాళ్లు కంగారు పడొద్దని ఒక మాట. 15 కనపడ్డ ప్రతిసారీ తప్పు ఉన్నట్టు కాదు. నెగెటివ్ టర్మినల్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉన్న బండ్లలో ఆల్టర్నేటర్‌కు ఎంత ఇవ్వాలో ఈసీఎం చెబుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలినప్పుడు 15 దాకా పోతుంది, నిలకడగా నడిచేటప్పుడు 12.8కు కూడా దిగుతుంది. అది డీజిల్ ఆదా కోసం పెట్టిన ఏర్పాటు. వాటిని స్కానర్ పెట్టి, అడిగిన ఓల్టేజికీ ఇస్తున్నదానికీ పోల్చి చూడాలి.

మామూలు ఐసీ కూడా వేడిని బట్టి హద్దు మార్చుకుంటుంది. చలికాలం పొద్దున చల్లటి ఇంజన్ మీద కొద్దిసేపు 14.8 చూపితే అది మామూలే. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు ఉన్నప్పుడు గంట నడిపిన బండిలో 13.7 చూపినా మామూలే, ఛార్జ్ తక్కువైందనుకోవద్దు. వేడి బ్యాటరీకి తక్కువ ఓల్టేజే సరిపోతుంది. ఈ బండిలో వేడి ఇంజన్ మీద 15.5 అంటున్నారు కాబట్టి అనుమానమే లేదు, తప్పు ఉంది.

గడియారం సెంటర్ (నల్గొండ):

దొరికింది అన్నా. 2000 దగ్గర బ్యాటరీ పాజిటివ్ నుంచి ఎస్ పిన్నుకు 1.2 ఓల్టులు తేడా వస్తున్నది. అంటే పోస్టు దగ్గర 15.5 ఉంటే ఐసీకి 14.3 మాత్రమే కనపడుతున్నది. వైరు పొడుగూత ఒక్కో జాయింటు దగ్గర కొలుచుకుంట వచ్చిన. బ్యాటరీ పక్కన చిన్న ఫ్యూజ్ పెట్టె ఉన్నది, దాంట్ల 7.5 ఆంపియర్ ఫ్యూజ్‌కు ఇటు 15.5, అటు 14.3. ఫ్యూజ్ పీకితే ఒక కాలు పచ్చగ చిలుము పట్టి ఉన్నది, అది దిగే క్లిప్పు కూడ నల్లబడ్డది.

కటౌట్ మాస్టర్ (మిర్యాలగూడ):

శభాష్, పద్ధతి ప్రకారం పట్టుకున్నవు. ఆ ఫ్యూజ్ అట్లెందుకైందో కూడ తెలుసుకో, లేకుంటే మళ్ల వస్తది. బ్యాటరీ మూతల నుంచి లేచే ఆసిడ్ ఆవిరి పక్కనున్న పెట్టెలో చేరి రాగి, ఇత్తడి క్లిప్పులను తింటది. క్లిప్పు చిలుము పట్టినకొద్ది ఐసీకి ఓల్టేజి తక్కువ కనపడుతది, అది ఇంకా ఎక్కువ పంపుతది, బ్యాటరీ ఇంకా ఉడికి ఆవిరి ఇంకా ఎక్కువైతది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగేది కాదు.

ల్యాంపు ఎందుకు వెలగలేదని కూడ నువ్వు అడగకముందే చెప్తా. ఎస్ వైరు మొత్తానికే తెగితే చాలా ఐసీలు దాన్ని పసిగట్టి, బీ ప్లస్ బోల్టు (వెనక లావు వైరు తగిలే బోల్టు) దగ్గరి ఓల్టేజినే చూసుకుంట నడిపి, ల్యాంపు వెలిగిస్తయి. సగం తెగి సగం తగులుతున్న వైరుతోనే అసలు చిక్కు. ఐసీకి అది సరైన లెక్కలాగనే కనపడుతది. ల్యాంపు వెలగలేదు కాబట్టి ఛార్జింగ్ మంచిగున్నదని అనుకోవద్దు.

రిపేరు: ముందు నెగెటివ్, తరువాత పాజిటివ్ టర్మినల్ తియ్. చిలుము పట్టిన క్లిప్పును గీకి మళ్ల పెట్టొద్దు, స్ప్రింగు పట్టు పోయి ఉంటది. ఆ క్లిప్పు వరకు కొత్తది వేయించు. వైరును క్లిప్పు దగ్గర ఒక అంగుళం కోసి చూడు. రాగి పోగులు నల్లగుంటే ఆసిడ్ లోపలికి పాకినట్టు, మెరిసే రాగి వచ్చేదాకా కోసి కొత్త ముక్క అతికించు. మెలితిప్పి టేపు చుట్టడం పనికిరాదు. కొత్త క్లిప్పుకు గట్టిగ క్రింపు చేయించి, పైన హీట్ ష్రింక్ ట్యూబు వేయించు. టర్మినళ్ల మీది పొడికి అర లీటరు వేడి నీళ్లల్ల ఒక టేబుల్ స్పూను తినే సోడా కలిపి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడుగు. మూతలు బిగించే ఉంచు, సోడా నీళ్లు ఒక్క చుక్క సెల్లు లోపలికి పోయినా అక్కడి ఆసిడ్ విరిగిపోతది. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివరకు.

డిండి వాగు (దేవరకొండ):

ఇక బ్యాటరీ సంగతి. ఇన్నాళ్లు ఉడికింది కాబట్టి ఊరికే వదిలేయొద్దు. ప్లేట్లు నీళ్ల పైకి తేలి ఉంటే, అవి మునిగేవరకు మాత్రమే ముందు పోయండి. ఛార్జ్ పూర్తయ్యాక ప్లేట్లపైన 10 నుంచి 12 మిల్లీమీటర్లు వచ్చేలా నింపండి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో ఉబ్బి బయటికి వచ్చి మళ్లీ ఆ ఫ్యూజ్ పెట్టెలోకే పోతుంది.

డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకోటి వద్దు. మన జిల్లాలో బోరు నీళ్ల ఉప్పు, ఫ్లోరైడ్ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్లాంటు క్యాన్ నీళ్లలో కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటుంది, తాగడానికి మంచివైనంత మాత్రాన బ్యాటరీకి మంచివి కావు. ఇనుము, క్లోరైడ్ లోపల చేరితే ప్లేట్లు తినేస్తాయి, బ్యాటరీ నిలబెట్టిన చోటే ఛార్జ్ దిగిపోతుంది.

నింపాక ఒక రోజు నడిపి హైడ్రోమీటర్‌తో (ఆసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచేది) ఆరు సెల్లులూ కొలవండి. ఆసిడ్ కూడా తగ్గిందేమో అని బయట ఆసిడ్ కొని పోయకండి, ఆవిరైపోయేది నీళ్లే. కంపెనీ చెప్పిన గ్రావిటీతో పోల్చుకోండి, 1.250 నుంచి 1.280 మధ్య ఉంటుంది. లెక్క 27 డిగ్రీలకు కాబట్టి ఆసిడ్ 42 డిగ్రీలు ఉంటే రీడింగుకు 0.010 కలుపుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం సెల్లుల మధ్య తేడా. ఐదు 1.260 చూపి ఒకటి 1.200 చూపిందంటే ఆ సెల్లు పోయినట్టే, ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. సైడు గోడలు ఉబ్బి ఉన్నా అంతే.

నకిరేకల్ 65:

కటౌట్ మాస్టరన్నా, ఎర్త్ సంగతి విప్పి చెప్పినందుకు సంతోషం. ఒకటి అడుగుత. ఐసీయే షార్ట్ అయ్యి హైవే మీద చిట్యాల దగ్గరనో, షాద్‌నగర్ దగ్గరనో 17, 18 ఓల్టులు ఎక్కితే అక్కడికక్కడ ఏం చేయాలె? బెల్టు కోసేయమంటరు కొందరు.

కటౌట్ మాస్టర్ (మిర్యాలగూడ):

బెల్టు కోయొద్దు. చాలా బండ్లల్ల అదే బెల్టు మీద వాటర్ పంపు తిరుగుతది, ఐదు నిమిషాలల్ల ఇంజన్ కాగుతది. ముందు హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటరు పెట్టి, రేస్ తగ్గించి పక్కకు ఆపు. ఇంజన్ ఆపినంక ఆల్టర్నేటర్ సన్న వైర్ల సాకెట్ పీకు. లావు వైరు బోల్టు ముట్టుకోకు, అది నేరుగ బ్యాటరీది, స్పానర్ బాడీకి తగిలితే మంటలే. మళ్ల స్టార్ట్ చేసి బ్యాటరీ మీద కొలువు. 12.5 నుంచి మెల్లగ దిగుతుంటే ఛార్జింగ్ ఆగినట్టు. పగటిపూట ఏసీ, లైట్లు లేకుండ డీజిల్ కారు 10, 15 ఆంపియర్లు గుంజుతది, మంచి 60 ఏహెచ్ బ్యాటరీ అయితే గంటకు పైనే లాగుతది. ఉడికిన బ్యాటరీ మీద అంత భరోసా పెట్టుకోకు, దగ్గరి షాపు వరకే. సాకెట్ పీకినంక కూడ 15 దాటుతుంటే మాత్రం ఆ బండి నడపొద్దు, టోయింగ్ చేయించు.

లారీవాళ్లను అడిగి వాళ్ల బ్యాటరీ నుంచి స్టార్ట్ తీసుకునేటప్పుడు కూడ జాగ్రత్త. లారీది 24 ఓల్టుల సిస్టం. రెండు బ్యాటరీల మీద కలిపి క్లాంపులు పెడితే ఐసీతోపాటు చాలా పోతయి.

గడియారం సెంటర్ (నల్గొండ):

క్లిప్పు కొత్తది వేయించిన, వైరు రెండంగుళాలు కోసి అతికించిన్రు. ఇప్పుడు ఎస్ పిన్ను తేడా 0.03. వేడి ఇంజన్ మీద ఐడిల్ 14.2, 2000 దగ్గర 14.3, 3000 దగ్గర 14.3, లోడ్ పెడితే 14.2. ఆల్టర్నేటర్ విప్పనేలేదు. హైడ్రోమీటర్ల ఐదు సెల్లులు 1.255, ఒకటి 1.240. ఇంకో రెండు సందేహాలు. ఆల్టర్నేటర్ల ఏసీ కరెంటును డీసీగ మార్చే డయోడ్లు కూడ చూపించుకోవాల్నా? ఫ్యూజ్ 7.5 బదులు 15 వేస్తే మళ్ల ఈ బాధ రాకుండ ఉంటదా?

పాలమూరు డీజిల్ (మహబూబ్‌నగర్):

సెల్లుల తేడా 0.015 పరవాలేదు, నెల రోజులకు ఇంకోసారి చూడు. 0.050 దాటితే బ్యాటరీ మార్చుకోవాలె.

డయోడ్ల కోసం లైట్లు పెట్టి 2000 దగ్గర బ్యాటరీ మీద ఏసీ ఓల్టేజి కొలవాలె. 0.1 లోపుంటే మంచిది, 0.5 దాటితే డయోడ్ ప్లేటు విప్పించాలె. కానీ ఏసీలో 200, 750 రేంజులు మాత్రమే ఉన్న చిన్న మీటర్‌తో ఇది కుదరదు. అది డీసీని కూడ ఏసీ అనుకుని 30 దాకా చూపిస్తది, ప్రోబ్‌లు తిప్పి పెడితే సున్నా చూపిస్తది. ఏసీలో మిల్లీవోల్టులు చూపే మీటర్ ఎవరిదగ్గరన్నా తీసుకో.

ఫ్యూజ్ 7.5 దే వేయి. ఎస్ వైరులో పోయేది మిల్లీ ఆంపియర్లు, కాబట్టి ఈ తప్పు ఫ్యూజ్ సైజు నుంచి రాలేదు, జాయింటు నుంచి వచ్చింది. ఆ ఫ్యూజ్ ఉన్నది సన్న వైరు షార్ట్ అయినప్పుడు కాలకుండ కాపాడటానికే. ఫ్యూజ్ గట్టిగ దిగినంక పైన పెట్రోలియం జెల్లీ పలుచగ రాసి మూత పెట్టు. ముందు రాసి తరువాత దింపితే క్లిప్పు మధ్యల జెల్లీ చిక్కుకుంటది. టర్మినల్ క్లాంపులకు కూడ అంతే, బిగించినంకనే రాయాలె.